స్టీరింగ్ బరువెక్కితే రాక్ పోయినట్టేనా? పవర్ స్టీరింగ్ లోపాలను పట్టే క్రమం

క్లుప్తంగా: స్టీరింగ్ టైట్ అయిందన్న ఫిర్యాదు వెనక టైరులో గాలి తగ్గడం మొదలుకొని బ్యాటరీ ఎర్త్ వైరుకు పట్టిన తుప్పు దాకా ఏదైనా ఉండవచ్చు. రాక్ (చక్రాలను పక్కలకు తిప్పే పళ్ల కడ్డీ అమరిక), కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందికి దిగే కడ్డీ) లాంటి ఖరీదైన భాగాలను చివర అనుమానించాల్సింది పోయి, చాలా వర్క్‌షాపుల్లో ముందే మార్చమంటున్నారు. హైడ్రాలిక్ స్టీరింగ్‌లో ప్రెషర్ గేజ్, ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో లోడ్ మీద, అంటే మోటారు కరెంటు లాగుతుండగా, చూసిన వోల్టేజీ చాలా సందేహాలు తీరుస్తాయి. ఇవి చూడకుండా పెద్ద భాగం మార్చితే డబ్బు పోయి లోపం మిగలవచ్చు.

ఒకే ఫిర్యాదు, మూడు అంచనాలు

స్టీరింగ్ టైట్‌గా తిరుగుతోందని కారును మూడు షెడ్లలో చూపిస్తే మూడు జవాబులు రావడం మామూలే. ఒకరు ఆయిల్ మార్చాలంటారు. ఇంకొకరు అలైన్‌మెంట్ పోయిందంటారు. మూడో చోట రాక్ అసెంబ్లీ మొత్తం కొత్తది వేయాలని ఎస్టిమేట్ చేతిలో పెడతారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. ఎవరు రోజూ ఏ భాగం విప్పుతారో వాళ్లకు తప్పు ముందు అక్కడే కనిపిస్తుంది.

చిక్కంతా లక్షణంలో ఉంది. చేతికి తెలిసేది బరువు ఒక్కటే. ఆ బరువు టైరుకూ రోడ్డుకూ మధ్య రాపిడి వల్ల రావచ్చు, అరిగిన జాయింటు బిగుసుకోవడం వల్ల రావచ్చు, సాయం చేసే పంపు లేదా మోటారు నీరసించడం వల్ల రావచ్చు, లేదా ఆ పంపుకో మోటారుకో శక్తిని అందించే బెల్టు, బ్యాటరీ వల్ల రావచ్చు. ఈ నాలుగింటిని వరసగా విడదీసుకుంటూ పోతే తప్ప లోపం ఎక్కడుందో తేలదు.

సాయం ఎలా అందుతుంది

పవర్ స్టీరింగ్ చక్రాలను తానుగా తిప్పదు. డ్రైవరు పెట్టిన బలానికి మరికొంత బలం జోడిస్తుంది, అంతే. 1920లలో అమెరికన్ ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ ఈ హైడ్రాలిక్ పద్ధతిని తయారు చేశాడు. మామూలు కొనుగోలుదారుకు అందిన తొలి కారు 1951 నాటి క్రైస్లర్ ఇంపీరియల్. ఎలక్ట్రిక్ మోటారుతో సాయం చేసే పద్ధతి 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో రోడ్డెక్కింది. అది చిన్న కారుతో మొదలవడానికి కారణం ఉంది. చిన్న ఇంజిన్ మీద హైడ్రాలిక్ పంపు భారం బాగా తెలుస్తుంది, చిన్న కారు చక్రాలు తిప్పడానికి చిన్న మోటారు చాలు.

రెండు పద్ధతుల్లోనూ మధ్యలో ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్ని టార్షన్ బార్ అంటారు. స్టీరింగ్ తిప్పగానే, చక్రాలు ఇంకా కదలకముందే, ఆ కడ్డీ తడిగుడ్డను పిండినట్టు కొద్దిగా మెలిపడుతుంది. ఎంత మెలి పడిందన్నదే డ్రైవరుకు ఎంత సాయం కావాలో చెప్పే కొలత.

హైడ్రాలిక్ రకంలో ఆ మెలి ఒక వాల్వును తెరుస్తుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు నుంచి వచ్చే ఆయిల్ ఆ వాల్వు ద్వారా రాక్‌లోని పిస్టన్‌కు ఒక పక్కకు చేరి దాన్ని నెడుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు ఈ ఆయిల్ పీడనం చాలా కార్లలో 70 నుంచి 100 బార్ వరకు వెళుతుంది. కారు టైరులో ఉండేది 2 బార్ల పైచిలుకే. అందుకే ఇంజిన్ నడుస్తుండగా హోస్ పైపు లీకును వేలితో తడిమి చూడకూడదు. సన్నని రంధ్రం నుంచి ఆ పీడనంతో వచ్చే ఆయిల్ చర్మంలోకి దిగగలదు.

ఎలక్ట్రిక్ రకంలో, అంటే ఈపీఎస్‌లో, అదే మెలిని టార్క్ సెన్సార్ వోల్టేజీగా మార్చి కంప్యూటర్‌కు పంపుతుంది. కంప్యూటర్ కారు వేగాన్ని కూడా చూసి మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలో లెక్కిస్తుంది. పార్కింగ్‌లో ఎక్కువ, హైవే మీద తక్కువ. మన దగ్గర చిన్న కార్లలో ఎక్కువగా మోటారు డాష్‌బోర్డు కింద కాలమ్‌కే బిగించి ఉంటుంది. బొలెరో, స్కార్పియో క్లాసిక్, ఇన్నోవా క్రిస్టా లాంటి బండ్లు హైడ్రాలిక్ మీదే నడుస్తున్నాయి. ఈ రెండింటి మధ్యన, ఎలక్ట్రిక్ మోటారుతో హైడ్రాలిక్ పంపును తిప్పే మిశ్రమ రకం కొన్ని స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ చిన్న కార్లలో వచ్చింది. అందులో ఆయిల్ సమస్యలూ ఉంటాయి, కరెంటు సమస్యలూ ఉంటాయి.

బండిలో ఏ రకం ఉందో తెలియకపోతే బానెట్ ఎత్తి చూడాలి. స్టీరింగ్ బొమ్మ ఉన్న మూతతో చిన్న ఆయిల్ డబ్బా కనిపిస్తే హైడ్రాలిక్ లేదా మిశ్రమ రకం. పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో అలాంటి డబ్బా లేకపోతే అది ఈపీఎస్. ఈపీఎస్ కారుకు స్టీరింగ్ ఆయిల్ మార్చామని బిల్లులో ఉంటే ఆ బిల్లు గురించి అడగాల్సిందే.

ముందు పవర్ స్టీరింగ్ బయట చూడాలి

అన్నిటికన్నా చవకైన పరీక్ష టైరు గాలి. ముందు టైర్లలో గాలి బాగా తగ్గితే స్టీరింగ్ బరువెక్కుతుంది, ఒకదానిలోనే తగ్గితే కారు ఆ పక్కకు లాగుతుంది. కంపెనీ ఇచ్చిన సైజు కంటే వెడల్పాటి టైర్లు వేసుకున్నా పార్కింగ్‌లో బరువు తెలుస్తుంది. అది లోపం కాదు, ఆ టైర్లతో వచ్చే ఫలితం.

తర్వాత ముందు భాగాన్ని జాకీలతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజిన్ ఆపి, తాళంతో స్టీరింగ్ లాక్ తీసి చేత్తో తిప్పాలి. చక్రాలు గాలిలో ఉన్నాయి కాబట్టి టైరు రాపిడి లేదు. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి సాయమూ లేదు. మిగిలినవి యాంత్రిక భాగాలే. అప్పుడు కూడా ఎక్కడో ఒక చోట పట్టేస్తుంటే తప్పు కాలమ్‌లో, దాని కింద కీలులా పనిచేసే యూనివర్సల్ జాయింట్‌లో, బాల్ జాయింట్‌లో లేదా రాక్‌లో ఉన్నట్టు. ఒక తిప్పులో రెండు సార్లు పట్టి వదులుతుంటే అనుమానం యూనివర్సల్ జాయింట్ మీదికి పోతుంది. అది తుప్పు పట్టి ఒక కోణంలో బిగుసుకున్నప్పుడు సరిగ్గా అలాగే ఉంటుంది. గాలిలో తేలిగ్గా తిరిగి, నేల మీద ఇంజిన్ నడుస్తుండగా బరువుగా ఉంటే అప్పుడు సాయం వైపు చూడాలి.

ఖర్చు లేని ఈ పరీక్షను తొందరలో వదిలేస్తున్నారు. ఫలితంగా తుప్పు పట్టిన జాయింటు ఉన్న కారుకు కొత్త రాక్ పడుతుంది, బరువు అలాగే ఉంటుంది.

మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోవడం వేరే ఫిర్యాదు. దీనికి అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) మారడమో, జాయింట్లు బిగుసుకోవడమో కారణం కావచ్చు. మన షెడ్లలో ఇంకో కారణం కూడా తరచూ ఉంటుంది. గుంతల్లో రాక్ దగ్గర కటకట శబ్దం వస్తోందంటే దాని సర్దుబాటు నట్టును బిగిస్తారు. శబ్దం ఆగుతుంది. నట్టు ఎక్కువ బిగిస్తే రాక్ పళ్లు వాటిని కదిపే చిన్న పళ్ల చక్రమైన పినియన్‌కు ఒత్తుకుని స్టీరింగ్ బరువెక్కుతుంది, మధ్యకు రాదు. ‘రాక్ టైట్ చేయించాక’ మొదలైన బరువుకు మందు కొత్త రాక్ కాదు, ఆ నట్టును కంపెనీ చెప్పిన కొలతకు వదులు చేయడం. అసలు శబ్దం సస్పెన్షన్ భాగాలైన లింక్ రాడ్ నుంచో లోయర్ ఆర్మ్ బుష్ నుంచో వస్తుంటే ఆ బిగింపే అనవసరం.

హైడ్రాలిక్: చెవి, కన్ను, ఆ తర్వాత గేజ్

హైడ్రాలిక్ స్టీరింగ్ తన రోగాన్ని శబ్దంతో చెబుతుంది. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నని మూలుగు వస్తుంటే ఆయిల్ తగ్గిందని గానీ ఆయిల్‌లో గాలి చేరిందని గానీ అర్థం. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు కీచుమంటే బెల్టు జారుతోంది. గరగరమనే శబ్దం స్టీరింగ్ తిప్పకపోయినా వస్తుంటే పంపు బేరింగ్ మీద అనుమానం. పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దం మాత్రం మామూలే. పీడనం హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వు తెరుచుకున్న శబ్దం అది. అయితే ఆ స్థితిలో కొన్ని సెకన్లకు మించి ఉంచకూడదు. ఆయిల్ అక్కడక్కడే తిరిగి వేడెక్కి పంపును దెబ్బతీస్తుంది.

డబ్బా మూత తీసి చూస్తే మరికొంత తెలుస్తుంది. ఆయిల్ నురగగా ఉంటే గాలి లోపలికి వెళుతోంది. ఇక్కడ చాలామందికి అర్థం కాని విషయం ఒకటుంది. ఆయిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోగలదు. డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపులో ఉండేది పీడనం కాదు, పీల్పు. ఆ పైపు క్లిప్పు వదులైతే చుక్క కారకుండా గాలి మాత్రం లాగుతుంది. కింద ఎక్కడా తడి లేదు, అయినా నురగ, మూలుగు ఉన్నాయంటే ముందు ఆ క్లిప్పు చూడాలి. ఆయిల్ నల్లబడి కాలిన వాసన వస్తుంటే వేడెక్కినట్టు. డబ్బాలోని జాలీ మూసుకుపోయినా పంపు మూలుగుతుంది. చాలా డబ్బాల్లో ఆ జాలీ విడిగా దొరకదు, డబ్బానే మార్చాలి.

లీకును పట్టడానికి చూడాల్సిన మొదటి చోటు రాక్ రెండు చివర్ల ఉండే రబ్బరు బూట్లు. బయటికి పొడిగానే కనిపిస్తాయి. క్లిప్పు తీసి బూటు వెనక్కు జరిపితే లోపల ఆయిల్ నిండి ఉంటుంది. అంటే రాక్ సీలు పోయింది. హోస్ పైపు ప్రెస్ చేసిన అతుకు దగ్గర చెమ్మ ఉంటే పైపు మార్చితే సరిపోతుంది. పైనుంచి కారిన ఆయిల్ కింద చుక్కగా పడుతుంది కాబట్టి, చుక్క పడిన చోటును బట్టి తీర్పు చెప్పకూడదు. అంతా కడిగి, ఆరబెట్టి, ఇంజిన్ నడిపి మళ్లీ చూస్తేనే మూలం తెలుస్తుంది.

బరువు ఒక పక్కకే ఉంటే అది విలువైన ఆధారం. పంపు రెండు పక్కలకూ ఒకే ఆయిల్ పంపుతుంది, పక్కలు పంచేది వాల్వు. కాబట్టి కుడికి తేలిక, ఎడమకు బరువు అన్నప్పుడు పంపు నిర్దోషి. వాల్వు గానీ రాక్ లోపలి సీలు గానీ దోషి. రెండు పక్కలా సమానంగా బరువుంటే బెల్టు, పంపు ముందు వరసలోకి వస్తాయి. పొద్దున్నే బరువుగా ఉండి కారు వేడెక్కాక తేలికయ్యేదైతే వాల్వు రింగులు తమ గూటిని అరగదీసినట్టు అనుమానించాలి. 1980ల నాటి జనరల్ మోటార్స్ కార్లలో ఈ లక్షణం బాగా పేరుపడింది. అల్యూమినియం గూటిలో గట్టి రింగులు గాడులు కోసేవి, ఆయిల్ ఆ గాడుల్లోంచి జారిపోయేది.

పంపా, రాక్కా అన్న తగవు తీర్చేది ప్రెషర్ గేజ్. పంపుకూ రాక్‌కూ మధ్య, వాల్వు ఉన్న గేజ్‌ను కలుపుతారు. ఇంజిన్ నడుస్తుండగా ఆ వాల్వును 5 సెకన్లకు మించకుండా మూస్తే పంపు తన పూర్తి పీడనం చూపించాలి. చూపించకపోతే పంపు లేదా దాని రిలీఫ్ వాల్వు బలహీనం. చూపిస్తే పంపు బాగుంది. ఇప్పుడు వాల్వు తెరిచి, స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి చూడాలి. పీడనం ముందటి స్థాయికి రాకపోతే ఆయిల్ రాక్ లోపలే జారిపోతోంది. పరీక్ష మొత్తం గేజ్ బిగించే సమయం తీసేస్తే కొన్ని నిమిషాల పని. అయినా గేజ్ ఉన్న షెడ్లు తక్కువ. పంపు మార్చి చూద్దాం, కాకపోతే రాక్ మారుద్దాం అన్న మాట వినిపిస్తే అక్కడ గేజ్ లేదని అనుకోవచ్చు.

ఆయిల్ విషయంలో జరిగే పొరపాట్లు

టయోటా హైడ్రాలిక్ స్టీరింగ్‌లలో చాలావాటికి ఆటోమేటిక్ గేరుబాక్సులో వాడే డెక్స్‌రాన్ రకం ఎర్ర ఏటీఎఫ్ సరిపోతుంది. హోండా తన సొంత ద్రవమే వాడమంటుంది. అనేక జర్మన్ కార్లకు ఆకుపచ్చ రంగు సీహెచ్‌ఎఫ్ రకం కావాలి. డబ్బా మూత మీద గానీ కారుతో వచ్చిన పుస్తకంలో గానీ ఏది వాడాలో ఉంటుంది. తప్పు ఆయిల్ మొదటి రోజే కీడు చేయదు. కొన్ని నెలల్లో సీళ్లు ఉబ్బి లేదా గట్టిపడి కారడం మొదలవుతుంది. అప్పటికి ఆయిల్ పోసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

బ్రేక్ ఆయిల్ పోస్తే మాత్రం నష్టం వేగంగా జరుగుతుంది. బ్రేక్ ద్రవం గ్లైకాల్ జాతిది, స్టీరింగ్ సీళ్లు ఖనిజ నూనె కోసం చేసినవి. పొరపాటున పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే వ్యవస్థంతా కడిగించాలి.

ఆయిల్ మార్చిన తర్వాత గాలి తీయడం కూడా పద్ధతిగా జరగాలి. ముందు చక్రాలు ఎత్తి, ఇంజిన్ ఆపి ఉంచి, స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి వరకు నెమ్మదిగా చాలాసార్లు తిప్పుతూ డబ్బాలో మట్టం తగ్గకుండా పోస్తుండాలి. బుడగలు ఆగాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. ముందే స్టార్ట్ చేస్తే పంపు గాలినీ ఆయిల్‌నూ కలిపి చిలుకుతుంది, ఆ నురగ దిగడానికి గంటలు పడుతుంది. కొత్త పంపు వేసిన మర్నాడే మూలుగుతోందన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఈ తొందరే.

ఈపీఎస్: లైటు వెలిగితే ఏమనుకోవాలి

డాష్‌బోర్డు మీద స్టీరింగ్ లైటు తాళం తిప్పగానే వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే కంప్యూటర్ ఒక లోపాన్ని నమోదు చేసింది. అది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది. ఏ భాగం పోయిందో చెప్పదు. సెన్సార్ సంకేతం తప్పు అన్న కోడ్ సెన్సార్ పాడైనా వస్తుంది, దాని వైరు తెగినా వస్తుంది, కనెక్టర్‌లో నీరు చేరినా వస్తుంది, బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా కొన్ని కార్లలో వస్తుంది.

కోడ్ చదవడంలోనూ ఒక మెలిక ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ రీడర్లు ఎక్కువగా ఇంజిన్‌కు సంబంధించిన పీ కోడ్‌లనే చదువుతాయి. స్టీరింగ్ లోపాలు సీ తో మొదలయ్యే ఛాసిస్ కోడ్‌లుగా, లేదా కంప్యూటర్ల మధ్య సంభాషణ తెగితే యూ కోడ్‌లుగా నమోదవుతాయి. ఉదాహరణకు యూ0131 అంటే పవర్ స్టీరింగ్ కంప్యూటర్ నుంచి మిగతావాటికి జవాబు రావడం లేదని. కాబట్టి ‘ఫోన్‌లో చూశాం, ఏ లోపం లేదు’ అన్నదానికి విలువ తక్కువ. ఆ కారు ఈపీఎస్‌తో మాట్లాడగలిగిన స్కానర్ కావాలి. కోడ్‌ను చెరిపేసే ముందు రాసిపెట్టుకోవడం కూడా అంతే అవసరం. కొన్ని షెడ్లలో బ్యాటరీ తీసి పెట్టి లైటు ఆర్పేస్తారు. లైటుతో పాటు ఆధారమూ పోవచ్చు.

బ్యాటరీ దగ్గర మొదలయ్యే స్టీరింగ్ లోపం

పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు చిన్న కారులో కూడా ఈపీఎస్ మోటారు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఒక హాలోజన్ హెడ్‌లైటు వాడేది 5 ఆంపియర్ల లోపే. అంత కరెంటు ఒక్కసారిగా లాగినప్పుడు నీరసించిన బ్యాటరీ, సరిగా చార్జ్ చేయని ఆల్టర్నేటర్, తుప్పు పట్టిన ఎర్త్ వైరు బయటపడతాయి. వోల్టేజీ ఒక హద్దు కంటే దిగితే కంప్యూటర్ సాయాన్ని తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది. హెడ్‌లైట్లు, ఏసీ, వైపర్లు అన్నీ నడుస్తున్న వానాకాలం సాయంత్రం ట్రాఫిక్‌లో స్టీరింగ్ బరువెక్కి, మర్నాడు పొద్దున మామూలుగా ఉందంటే మొదటి అనుమానం ఇక్కడే.

పరీక్షకు మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలిన తర్వాత పూర్తి చార్జ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ ఆగి ఆగి చార్జ్ చేస్తుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి తేల్చకూడదు. అసలు పరీక్ష తర్వాతిది. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పుతుంటే, మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొనను ఈపీఎస్ ఎర్త్ బిగించిన బోల్టు మీద పెట్టాలి. తేడా 0.2 వోల్టుల లోపు ఉండాలన్నది ఎలక్ట్రీషియన్లు సాధారణంగా పాటించే లెక్క. తేడా అంతకు మించి పెరుగుతుంటే ఎర్త్ దారిలో తుప్పు ఉంది. స్టీరింగ్ తిప్పకుండా కొలిస్తే కరెంటు ప్రవహించదు, కాబట్టి తుప్పు ఉన్నా మీటరు సున్నా చూపిస్తుంది. వైరింగ్ చూశాం, బాగుంది అన్నవాళ్లు లోడ్ మీద చూశారా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఈపీఎస్ పెద్ద ఫ్యూజు, దాని బిగింపు కూడా ఇదే విధంగా చూడాలి.

పార్కింగ్‌లో అదేపనిగా అటూ ఇటూ తిప్పుతుంటే కాసేపటికి బరువెక్కి, పది నిమిషాలు వదిలేస్తే మామూలైతే అది లోపం కాకపోవచ్చు. మోటారు వేడెక్కినప్పుడు కంప్యూటర్ తానే కరెంటు తగ్గిస్తుంది. డ్రైవింగ్ స్కూలు కార్లలో ఇది తరచూ కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

టార్క్ సెన్సార్ సాధారణంగా ఒకే మెలికి రెండు వేర్వేరు సంకేతాలు పంపుతుంది. రెండూ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఏది నిజమో కంప్యూటర్‌కు తెలియదు కాబట్టి సాయం ఆపేస్తుంది. సందేహంలో తప్పు దిశకు నెట్టడం కన్నా ఏమీ చేయకపోవడమే నయమన్నది ఈ రూపకల్పన వెనక ఉన్న ఆలోచన. వేగం సంకేతం రాకపోయినా సాయం తగ్గుతుంది. అందుకే చక్రం వేగాన్ని కొలిచే ఏబీఎస్ (బ్రేకు) సెన్సార్ వైరు తెగినా కొన్ని కార్లలో స్టీరింగ్ లైటు వెలుగుతుంది. ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు జంటగా వెలిగితే కాలమ్ విప్పే ముందు చక్రం సెన్సార్లు చూడాలి.

చిన్న ముక్క, పెద్ద బిల్లు

మోటారు బలం నేరుగా కాలమ్‌కు పోదు. మధ్యలో స్క్రూ ఆకారపు పళ్లతో తిప్పే వార్మ్ గేరు ఉంటుంది. మోటారుకూ ఆ గేరుకూ నడుమ కుదుపులు తినడానికి రబ్బరు లాంటి పదార్థంతో చేసిన చిన్న నక్షత్రం ఆకారపు ముక్క కొన్ని కార్లలో ఉంటుంది. దాన్ని కప్లింగ్ అంటారు. హ్యుందాయ్, కియా కార్లలో కాలమ్ మోటారు వాడిన అనేక మోడళ్లలో ఈ ముక్క కాలక్రమంలో పిండి పిండి అయి, స్టీరింగ్ తిప్పినప్పుడు టక్‌టక్‌మని శబ్దం, కొద్దిపాటి వదులు రావడం ప్రపంచమంతటా తెలిసిన సంగతి. ఆ ముక్క ఒక్కదాన్నే మార్చవచ్చు. కాలమ్ దించే కూలీ ఉంటుంది, ముక్క ఖరీదు మాత్రం స్వల్పం. అయినా శబ్దం వినగానే కాలమ్ మొత్తం మార్చాలన్న ఎస్టిమేట్లు వస్తున్నాయి. కంపెనీ వర్క్‌షాపులు పూర్తి అసెంబ్లీ వేయడానికి మొగ్గు చూపడంలో ఒక న్యాయం ఉంది. విప్పి బిగించిన స్టీరింగ్‌కు హామీ ఇవ్వడం వాళ్లకు కష్టం. ఆ భారం మాత్రం కారు యజమాని జేబు మీద పడుతుంది.

ఈ వార్మ్ గేరే 2024 అక్టోబరులో హోండాను అమెరికాలో దాదాపు 17 లక్షల కార్లు వెనక్కి పిలిచేలా చేసింది. 2022 నుంచి 2025 మోడళ్ల సివిక్, తర్వాతి సంవత్సరాల సీఆర్-వీ వంటివి అందులో ఉన్నాయి. వార్మ్ చక్రం తయారీ లోపం వల్ల ఉబ్బడం, గ్రీజు పొర పల్చబడటం, స్ప్రింగు బిగువు ఎక్కువగా ఉండటం కలిసి రాపిడి పెంచాయి. దాంతో నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ మధ్యలో అతుక్కున్నట్టు ఉండి, కొద్దిగా తిప్పాలంటే ఎక్కువ బలం పెట్టాల్సి వచ్చేది. లైటు వెలగదు, కోడ్ ఉండదు, సాయం ఆగదు. పరిష్కారంగా కంపెనీ చేసింది స్ప్రింగు మార్చి, గ్రీజు సరిచేయడం. స్కానర్ శుభ్రంగా ఉంది కాబట్టి స్టీరింగ్ బాగుందన్న వాదన ఎంత బలహీనమో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

దీనికి భిన్నమైనది 2014లో జనరల్ మోటార్స్ అమెరికాలో దాదాపు 13 లక్షల కార్లకు ప్రకటించిన రీకాల్. అక్కడ ఎలక్ట్రిక్ సాయం ఉన్నట్టుండి పోయేది. ఒకటి నెమ్మదిగా పెరిగే రాపిడి, ఇంకొకటి ఒక్కసారిగా పోయే సాయం.

వరద నీటిలో మునిగిన కార్లు

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు వేల కుటుంబాలకు కార్ల సంగతి కొత్త తలనొప్పి అయింది. ఇంజిన్‌లోకి నీరు పోయిందా అన్నదే అందరూ అడిగారు. స్టీరింగ్ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. నీరు డాష్‌బోర్డు దాకా వస్తే కాలమ్ మోటారు, దాని కంప్యూటర్, కనెక్టర్లు తడుస్తాయి. మోటారు రాక్ మీదే ఉన్న కార్లలో అంత లోతు కూడా అక్కర్లేదు. కనెక్టర్ పిన్నులకు పచ్చటి తుప్పు పట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. అప్పటికి బీమా క్లెయిమ్ ముగిసిపోయి ఉంటుంది. మునిగిన కారును సర్వేయరు చూసే దశలోనే స్టీరింగ్ కనెక్టర్లు విప్పి చూపించడం, రాక్ బూట్లలో నీరుందేమో చూడటం మేలు. రాక్‌లోకి చేరిన బురద నీరు పళ్లను, సీళ్లు ఆనే నున్నటి కడ్డీని తుప్పు పట్టిస్తుంది.

రిపేరు ఎప్పుడు, మార్పిడి ఎప్పుడు

హైడ్రాలిక్ రాక్ కారుతుంటే సీల్ కిట్ వేయించడం మన దగ్గర బాగా నడిచే పని. అది నిలుస్తుందా లేదా అన్నది సీలు కన్నా రాక్ కడ్డీ మీద ఆధారపడుతుంది. విప్పినప్పుడు కడ్డీ నున్నగా ఉంటే కొత్త సీళ్లు చాలాకాలం పనిచేస్తాయి. గోరు తగిలేంత గీతలు, తుప్పు గుంటలు ఉంటే ఎంత మంచి సీలైనా నెలల్లో కోసుకుపోతుంది. విప్పిన కడ్డీని యజమాని స్వయంగా చూడాలని అడగడం అతి కాదు. పంపు పోయినప్పుడు అందులోని లోహపు రజను ఆయిల్ వెంట వ్యవస్థంతా తిరుగుతుంది. పైపులు, డబ్బా కడగకుండా కొత్త పంపు పెడితే ఆ రజను కొత్త పంపునూ తింటుంది.

సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత కార్ల నుంచి తీసిన రాక్‌లు, కాలమ్‌లు దొరుకుతాయి. హైడ్రాలిక్ రాక్ విషయంలో కడ్డీ, సీళ్లు చూసి తీసుకుంటే ఇబ్బంది తక్కువ. ఈపీఎస్ కాలమ్ మాత్రం చూపులకు ఒకేలా ఉన్నా లోపలి కంప్యూటర్‌లో ఆ వేరియంట్ బరువుకు, టైరుకు తగిన లెక్కలు ఉంటాయి. పెట్రోలు కారు కాలమ్ డీజిల్ కారుకు బిగిస్తే బోల్టులు సరిపోయినా సాయం సరిపోకపోవచ్చు. పార్ట్ నంబరు అక్షరం అక్షరం కలవాలి. బిగించాక టార్క్ సెన్సార్‌కు, స్టీరింగ్ కోణం సెన్సార్‌కు సున్నా స్థానం స్కానర్‌తో నేర్పించాలి. అది వదిలేస్తే కారు ఒక పక్కకు లాగుతుంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా తగ్గదు. కాలమ్ విప్పే పనిలో ఎయిర్‌బ్యాగ్ కూడా అడ్డొస్తుంది కాబట్టి బ్యాటరీ తీసి, కంపెనీ చెప్పినంత సేపు ఆగాకే చేయి పెట్టాలి. చక్రాలు నేరుగా పెట్టి స్టీరింగ్ కదలకుండా కట్టకపోతే లోపలి క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే వైరు చుట్ట) తెగి, హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండూ పనిచేయకుండా పోతాయి.

నడుస్తుండగా సాయం ఆగిపోతే

ఈ భయం చాలామందిలో ఉంది. సాధారణ కార్లలో హైడ్రాలిక్ అయినా, ఎలక్ట్రిక్ అయినా స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య లోహపు బంధం అలాగే ఉంటుంది. సాయం పోతే బరువు పెరుగుతుంది, తిరగడం ఆగదు. ఎంత బరువు వరకు అనుమతించాలో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 79వది చెబుతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారును 4 సెకన్లలో 12 మీటర్ల వ్యాసార్ధపు మలుపులోకి తిప్పడానికి, అన్నీ బాగున్నప్పుడు 150 న్యూటన్లకు మించి బలం పట్టకూడదు. సాయం పోయినప్పుడు మలుపు 20 మీటర్లకు సడలించి, బలం హద్దును 300 న్యూటన్లకు పెంచారు. అంటే సుమారు 30 కిలోల లాగుడు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి సాధ్యమే, కానీ మలుపు మధ్యలో హఠాత్తుగా ఎదురైతే చేతులు తడబడతాయి. వేగం ఎక్కువున్నప్పుడు బరువు తక్కువగా తెలుస్తుంది, వేగం తగ్గేకొద్దీ పెరుగుతుంది. రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా పక్కకు తీసి, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఈపీఎస్ కొన్నిసార్లు తిరిగి వస్తుంది. తిరిగొచ్చిందని లోపం పోయినట్టు కాదు.

బిల్లు కట్టే ముందు

కొన్ని స్టీరింగ్ లోపాలకు ఖర్చు కంపెనీదే. మారుతీ సుజుకి 2023 జూలైలో ఎస్-ప్రెసో, ఈకో కార్లు 87,599 టై రాడ్ (చక్రాన్ని స్టీరింగ్‌కు కలిపే కడ్డీ) లోపంతో వెనక్కి పిలిచింది. అవి 2021 జూలై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 మధ్య తయారైనవి. 2024 ఆగస్టులో ఆల్టో కే10 కార్లు 2,555 స్టీరింగ్ గేరుబాక్సు లోపంతో పిలిచింది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే ఆ కారు జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. పాత కారు కొన్నవాళ్లకు కబురు అందకపోవచ్చు, ఎందుకంటే కంపెనీ దగ్గర ఉన్నది మొదటి యజమాని ఫోన్ నంబరు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 110ఏ సెక్షన్ ద్వారా, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని తయారీదారును ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు వాహనాలకు ఇవి వర్తిస్తాయి. యజమానులు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒకే మోడల్ మీద అమ్మకాల సంఖ్యను బట్టి నిర్ణయించినన్ని ఫిర్యాదులు చేరితే విచారణ మొదలవుతుంది. షెడ్డులో డబ్బు కట్టి ఊరుకున్న ప్రతి యజమానీ ఆ లెక్కలోకి రాకుండా పోతున్నాడు. తీసేసిన భాగం, స్కానర్ ప్రింటు, బిల్లు దగ్గర ఉంటే ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది.